మా మరదలు ఆరా తీసిన మూగ ఫోన్లు

మా తమ్ముడి భార్యను ఆఫీసులో అందరూ ఆరా అంటారు. కొత్తగా చేరినవాళ్ళు అదే అసలు పేరనుకుని, భలే ముద్దుగా ఉందే అంటుంటారు. పేరూ కాదు, పాడూ కాదు. ఏది కనబడినా ఆరా తీయందే అన్నం సహించని మనిషి కాబట్టి ఆ మాట అలా అతుక్కుపోయింది. పెళ్ళయి మా ఇంట్లో అడుగుపెట్టిన కొత్తల్లోనే మా అమ్మను పట్టుకుని, గిన్నె మీద మూత ఎందుకు తిరగేసి పెడతారత్తయ్యా అని అడిగింది. మా అమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచీ అలాగే పెడుతోంది. ఎందుకో ఎవరూ అడగలేదు, తనకీ తట్టలేదు. ఇక ఇద్దరూ కూర్చుని ఒకసారి అలా, ఒకసారి ఇలా వండి చూశారు. తేడా ఏమీ లేదని తేలింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆకలితో కంచం ముందు కూర్చున్నదాన్ని నేను.

ఈ కంప్యూటర్ పనిలోకి కూడా ఆ ఆరాతోనే వచ్చింది. మొదట చెప్పుల షాపులో అమ్మకాలు చూసేది. జనం ఒక జత తీసుకుని, తిప్పి చూసి, మళ్ళీ పెట్టేసి వెళ్ళిపోతుంటే తక్కిన అమ్మాయిలు హమ్మయ్య అనుకుని కూర్చునేవాళ్ళు. ఈవిడ మాత్రం ఏ జత పెట్టేశారు, వేసుకుని చూసి పెట్టేశారా, ధర చూసి పెట్టేశారా అని షాపు యజమాని బుర్ర తినేది. ఆయన విసిగిపోయి, ఇన్ని ప్రశ్నలున్నదానివి కంప్యూటర్‌ని అడుక్కో తల్లీ, నన్నొదిలెయ్ అన్నాడట. నిజంగానే సాయంత్రం క్లాసుల్లో చేరి కోడ్ రాయడం నేర్చుకుంది. ఆ షాపాయనకి దండం పెట్టాలో, దుమ్మెత్తిపోయాలో నాకిప్పటికీ తెలియదు.

మా ఆఫీసు ఒక కళ్ళజోళ్ళ షాపు పైన ఉంటుంది. మెట్లెక్కి వస్తే మూడు గదులు. ముందు గదిలో నేను, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని వచ్చిన ఫోన్లకు జవాబు చెబుతుంటాను. నన్ను చేర్పించింది కూడా మరదలే. వదినకు గొంతుంది, ఓపిక లేదు, అయినా పనికొస్తుంది అని మా బాసుకు చెప్పిందట. మేం తయారుచేసేది పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్ళ కోసం ఒక ఫిజియోథెరపీ సెంటర్ పెట్టించిన యాప్. అందులో చేతికి వ్యాయామాలు, నడకకు వ్యాయామాలు, మాట పోయినవాళ్ళకు మాటల పాఠాలు ఉంటాయి. ఆ పాఠాల్లో ఒక టీచరమ్మ కెమెరాకు దగ్గరగా కూర్చుని పెదవులు ఎలా కలపాలో, నాలుక ఎక్కడ ఆనించాలో నెమ్మదిగా చూపిస్తుంది.

దీన్ని హైబ్రిడ్ యాప్ అంటారు. ఫోన్లలో రెండు జాతులున్నాయి కదా, రెండింటికీ విడివిడిగా రాయకుండా ఒకే కోడ్ రాసి వెబ్ పేజీలాగా లోపల పెడతారు, పైన ఆ ఫోనుకు తగ్గ తొడుగు వేస్తారు. దిండు ఒకటే, గలీబులు రెండు. నాకు అర్థమయ్యేలా మరదలు చెప్పింది ఇంతే, ఇంతకన్నా నాకు అక్కర్లేదు కూడా.

మా ఆయన సంగతి ఇక్కడే చెప్పాలి. ఆయన కూరగాయల మార్కెట్‌లో వేలం పాడేవాడు. గొంతెత్తితే అవతలి వరుసల్లో బేరాలాడుకునేవాళ్ళు కూడా ఆగి వినేవాళ్ళు. ఇంట్లోనూ అదే గొంతు, ఉప్పు అందుకోమన్నా పాట పెట్టినట్టే ఉండేది. కిందటేడు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ చాలావరకు తిరిగొచ్చాయి గానీ మాట రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నది లోపల సిద్ధంగానే ఉంటుంది, నోటిదాకా వచ్చేసరికి ముక్కలైపోతుంది. ఆ ముక్కలు నలుగురి ముందు వినిపించడమంటే ఆయనకు చచ్చేంత సిగ్గు. సెంటర్‌కి తీసుకెళ్తే రెండోసారికే మొరాయించాడు, గుమ్మంలో కూర్చుండిపోయి చెప్పులు తొడుక్కోనన్నాడు. ఆఖరికి ఫోన్లో పాఠాలు పెట్టి ఇస్తే సరేనన్నట్టు తలూపాడు. అదీ నేను ఆఫీసుకి బయల్దేరాక, గది తలుపు వేసుకునే. సాయంత్రం వచ్చేసరికి తలుపు తీసి ఉంటుంది, ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటుంది. మధ్యలో లోపలేం జరిగిందో నాకు తెలియదు. మాట తిరిగి రావడానికి మా ఇంటికి మిగిలిన దారి మాత్రం ఆ పాఠాలొక్కటే.

అలా ఉండగా సెంటర్ పెద్ద డాక్టరు మా బాసుకు కబురు పెట్టాడు. మాటల పాఠాలు తీయించడం పెద్ద తతంగమని, టీచరమ్మ రావాలి, లైట్లు పెట్టాలి, కెమెరా మనిషి కావాలి, ఇంత చేశాక అసలు ఎవరైనా చూస్తున్నారా అని అడిగాడు. చూడకపోతే తర్వాతి అప్‌డేట్‌లో తీసేద్దామన్నాడు. బాసు వెంటనే ఆరాను పిలిచి రెండు పనులు చెప్పాడు. ఎవరు ఎక్కడ నొక్కుతున్నారు, ఏ పేజీలో ఎంతసేపు ఉంటున్నారు అనే లెక్క తీయాలి. దాన్ని అనలిటిక్స్ అంటారు. రెండోది, ఊరికే కూర్చున్నవాళ్ళను యాప్ లోపలే పలకరించి కదిలించాలి. పెళ్ళినాడు కూడా దాని మొహంలో అంత సంతోషం నేను చూడలేదు, మా తమ్ముడు వింటే ఏమనుకుంటాడో గానీ.

పలకరింపును తనే రాసింది. కాసేపు ఎక్కడా తాకకపోతే స్క్రీన్ కింద నుంచి ఒక పట్టీ లేచి, "సాయం కావాలా? ఇక్కడ నొక్కండి" అంటుంది. నొక్కితే ఫోన్ నా చెవికే వస్తుంది. ఎవరు, ఎక్కడి నుంచి అనేది నాకు కనిపించదు. రోగుల వివరాలు బయటపడకూడదని సెంటర్‌ వాళ్ళ షరతు.

లెక్క మొదలైందని తెలియగానే నేను మరదలి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. అంతా నీకు కనబడుతుంది కదా, మీ అన్నయ్యగారు రోజూ ఆ పాఠాలు తెరుస్తున్నారో లేదో చూసి చెప్పమన్నాను. అది కీబోర్డ్ మీద నుంచి చేతులు తీసేసింది.

"పేర్లు చూడకుండా లెక్కపెడతామని చెప్పి ఒప్పించాం వదినా. చూద్దామంటే దారి దొరుకుతుందేమో, కానీ నేను వెతకను. అన్నయ్యగారు తలుపేసుకున్నారంటే ఆ తలుపు నేనైనా తియ్యకూడదు."

ఊరందరి సంగతీ ఆరా తీసేదానివి, సొంత ఇంటిదాకా వచ్చేసరికి నీతులా అని గట్టిగానే అన్నాను. అది మళ్ళీ కీబోర్డ్ మీదకి వంగింది. ఆ రోజు మధ్యాహ్నం దాని పక్కన కూర్చోకుండా నా డబ్బా గోడవైపు పెట్టుకుని తిన్నాను. గోడ కూడా నాకు న్యాయం చెప్పలేదు.

ఆ తర్వాత నుంచి మూగ ఫోన్లు మొదలయ్యాయి. హలో అంటే పలకరు. ఊపిరి వినిపిస్తుంది. చెప్పండి, ఎవరండీ అంటే ఇంకా గట్టిగా ఊపిరి. రోజూ వచ్చేవి. తిన్నది అరక్క ఆకతాయిలెవరో ఆడుతున్నారని, మాట్లాడకపోతే కట్ చేసేయమని బాసు చెప్పాడు. నేను ఊరికే కట్ చేసే మనిషినా, రెండు అక్షింతలు వేసి మరీ చేసేదాన్ని.

ఈలోగా లెక్కలు వచ్చాయి. బాసుకు రంగుల పటాలంటే పిచ్చి, గోడ మీద తెరవేసి చూపించాడు. ఒకే ఒక్క ఎర్ర స్తంభం ఆకాశానికి లేచి ఉంది, మిగతా చోటంతా ఖాళీ. యాప్ తెరిచినవాళ్ళంతా ఒకే పేజీలో ఉన్నారట. అక్కడే కూర్చుని అక్కడి నుంచే వెళ్ళిపోతున్నారట. మాటల పాఠాల్లోకి ఒక్క ప్రాణీ వెళ్ళలేదు. పెద్ద డాక్టరు శుక్రవారం వస్తున్నాడు, ఇదే చూపించి ఆ పాఠాలు తీసేద్దామని బాసు తేల్చేశాడు. వాటి గురించి ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా అని నన్నడిగాడు. రాలేదన్నాను. అది నిజమే కదా.

ఒక్కరూ వెళ్ళలేదంటే మా ఆయనా వెళ్ళలేదనేగా అర్థం. రోజంతా తలుపేసుకుని ఆ మనిషి గోడ చూస్తూ కూర్చుంటున్నాడా? ఆశ వదిలేసుకుని, నన్ను బాధపెట్టడం ఇష్టంలేక పాఠాలు వింటున్నట్టు నటిస్తున్నాడా? ఏడుపొచ్చింది, దాని వెనకాలే కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం ఉన్నవాళ్ళకు వచ్చే ఫోన్లు తీసే ఉద్యోగం ఇవ్వకూడదు. సరిగ్గా అప్పుడే ఒక మూగ ఫోన్ వచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టబోతుంటే ఆరా నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

ఆకతాయి అయితే నవ్వాలి, లేకపోతే వాడే పెట్టేయాలి, వీళ్ళు మీరు పెట్టేసేదాకా ఎందుకు ఆగుతున్నారు వదినా అంది. నాకేం తెలుసు, పనీపాటా లేక అన్నాను. అది వినిపించుకోలేదు. ఇంకో హెడ్‌ఫోన్ తెచ్చి నా దానికే తగిలించుకుని, కట్ చేయొద్దు, మాట్లాడొద్దు, ఊరికే వినండి అంది. మాట్లాడకుండా ఉండమని నాతో అనడానికి ఎంత ధైర్యం కావాలో మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు.

విన్నాం. ఊపిరి. కుర్చీ జరిగిన చప్పుడు. ఆ వెనకాల, బాగా దూరంగా, ఒక ఆడగొంతు నెమ్మదిగా చెబుతోంది. పెదవులు కలపండి. అలాగే ఉంచండి. ఇప్పుడు వదలండి, మా. ఇంకోసారి, మా.

అది టీచరమ్మ గొంతు. అవతలి మనిషి పాఠంలో ఉన్నాడు. ఫోన్ చేసినవాళ్ళు మాట్లాడకపోవడమేమిటి, మాట లేనివాళ్ళు వాళ్ళు. ఇంట్లో అలాంటి మనిషిని పెట్టుకుని కూడా నాకది తట్టలేదు, అరిచి అరిచి ఫోన్లు పెట్టేశాను.

ఆరా మాత్రం నా మొహం చూడటం లేదు. దాని కళ్ళు ఎక్కడో ఉన్నాయి. మనిషి పాఠంలో ఉంటే లెక్కలో ఎందుకు లేడు అని గొణుక్కుంటూ లేచి, తన ఫోన్ తెచ్చి నా బల్ల మీద నిలబెట్టింది. యాప్ తెరిచి, పాఠం పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. నన్నూ తాకొద్దంది. టీచరమ్మ మొహం తెర నిండా వచ్చింది, పెదవులు కలిపింది. కాసేపటికి కింద నుంచి పట్టీ లేచింది. సాయం కావాలా అంటూ వచ్చి సరిగ్గా టీచరమ్మ ముక్కు కిందిదాకా కప్పేసింది. పక్కకు నెడదామంటే పోదు. ఎక్కడ తాకినా నా బల్ల మీద ఫోన్ మోగింది.

"నోరు చూసి నేర్చుకోవాల్సిన పాఠంలో నోరే మూసేశాను వదినా," అంది. "పాఠం చూసేవాళ్ళు తెరని తాకరు కదా. తాకనివాళ్ళంతా ఊరికే కూర్చున్నారనుకున్నాను."

లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకోవడానికి సాయంత్రమైంది. మరదలు చెప్పింది చెప్పినట్టు చెబుతాను. యాప్ మొత్తం ఒక తొడుగులో ఉన్న ఒకే పేజీ. పాఠాలకి వెళ్ళినా, నడకకి వెళ్ళినా లోపల గది మారుతుంది గానీ తొడుగు మారదు. లెక్కపెట్టే సాధనం వీధి గేటు దగ్గర నిలబడ్డ మనిషిలాంటిది. ఇంట్లోకి ఎవరొచ్చారో చూస్తుంది, ఏ గదిలోకి వెళ్ళారో దానికి తెలియదు. గది మారినప్పుడల్లా కోడ్ పనిగట్టుకుని దానికి చెప్పాలి. ఆ చెప్పడమే ఆరా మర్చిపోయింది. మామూలు యాపులు రాసినవాళ్ళకు ఈ తప్పు జరగదట, ఇలా తొడుగు వేసినవాళ్ళకే జరుగుతుందట. అది చెబుతున్నప్పుడు దాని మొహంలో సిగ్గు కన్నా వింతే ఎక్కువ కనిపించింది. నాకు మళ్ళీ కోపమొచ్చింది, కానీ ఈసారి ఆ కోపం పక్కనే ప్రాణం కూడా లేచొచ్చింది. మా ఆయన పాఠాల్లోకి వెళ్ళలేదని చెప్పిన లెక్క తప్పు లెక్క.

బాసు ఒప్పుకోలేదు. డాక్టరు రేపు వస్తుంటే మన లెక్కే తప్పని చెబితే పరువేం కావాలి, అప్‌డేట్ చేసి మెల్లగా సర్దుకుందాం, పాఠాలు ఎలాగూ పోతున్నాయి కదా అన్నాడు. ఆరా గొంతు పెంచదు. తప్పు నాది, నేనే చెప్పుకుంటాను, మీరు పక్కన కూర్చోండి చాలు అంది. మర్నాడు డాక్టరు ముందు అలాగే చెప్పింది. మా టీచరమ్మ గొంతు వెనకాల వినబడుతున్న ఒక మూగ ఫోన్ అప్పటికప్పుడు వస్తే ఆయన చెవికే పెట్టింది. ఆ పెద్దమనిషి చాలాసేపు విన్నాడు. తర్వాత హెడ్‌ఫోన్ నాకు తిరిగిచ్చి, సరైన లెక్క రానివ్వండి, అప్పుడు మాట్లాడదాం అని వెళ్ళిపోయాడు.

కొత్త అప్‌డేట్ పంపారు. వీడియో నడుస్తుంటే పట్టీ లేవదు. సాయం కావాలంటే మాట్లాడక్కర్లేదు, ఏం కావాలో చూపించే బొమ్మల్లో ఒకటి నొక్కితే చాలు. కానీ అప్‌డేట్ అందరి ఫోన్లలోకీ ఒకేసారి పోదట, పాతదే వాడుతున్నవాళ్ళ నుంచి మూగ ఫోన్లు ఇంకా వస్తాయని ఆరా చెప్పింది. అవి తగ్గుతున్నాయో లేదో వినడానికి నా పక్కనే కూర్చునేది. నేనిప్పుడు ఎవరినీ తిట్టడం లేదు. మాట్లాడలేకపోతే ఫరవాలేదండీ, ఫోన్ మీద వేలితో తట్టండి, పాఠం మళ్ళీ ఎలా పెట్టుకోవాలో చెబుతాను అనేదాన్ని. కొందరు తట్టేవాళ్ళు. ఒకరైతే నేను చెప్పడం అయిపోయాక కూడా తడుతూనే ఉన్నారు. అది కృతజ్ఞతేనని మరదలు అంటుంది, నాకూ అలాగే అనిపించింది.

ఒక మధ్యాహ్నం అలాంటిదే మరొకటి వచ్చింది. నేను పలకరించేలోపే ఫ్యాన్ కిర్రుమనడం వినిపించింది. ఆ కిర్రు నాకు తెలుసు. ఇరుసులో నూనె వేయించాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్న మా గదిలోని ఫ్యాన్ అది. అవతల మా ఆయన ఉన్నాడు. పట్టీని తోసేయబోయి ఎక్కడో తాకి ఉంటాడు, ఫోన్ కలిసిందని ఆయనకు తెలియదు. టీచరమ్మ మా అంటోంది. ఆయన మా అనడం లేదు. ఇంకేదో అంటున్నాడు. ఏ అని లాగుతున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ ఏ దగ్గరికే వస్తున్నాడు.

"ఏ... ఏ... మో..."

పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన నన్ను పేరుపెట్టి పిలవలేదు. ఏమోయ్, అంతే. వీధి చివర నుంచి పిలిచినా, పక్కన కూర్చుని పిలిచినా అదే. టీచరమ్మ పాఠంలో ఆ మాట లేదు. పాఠాన్ని దాని మానాన దాన్ని నడవనిచ్చి, తలుపేసుకుని, ఆయన నన్ను పిలవడం నేర్చుకుంటున్నాడు.

పలికితే నేను విన్నానని తెలిసిపోతుంది. అంత సిగ్గుపడే మనిషి, ఆ తర్వాత ఇంక నోరు తెరుస్తాడో లేదో. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాను. పక్కకి చూస్తే ఆరా చెవిలోది తీసి బల్ల మీద పెట్టేసి, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది. దానికీ ఆ గొంతు తెలుసు. నేను కాసేపు విన్నాను. అంతకన్నా వినడం నాకు తగదనిపించి మెల్లగా ఫోన్ పెట్టేశాను. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చాను, బాసు వచ్చి తలనొప్పా అని అడిగితే అవునన్నాను.

సరైన లెక్క వచ్చింది. జనం అన్నిటికన్నా ఎక్కువసేపు ఉండేది మాటల పాఠాల్లోనేనని తేలింది. అవి తీసేయడం కాదు, ఇంకా కొన్ని తీయిద్దామని డాక్టరు అన్నాడు. బాసు ఆ కొత్త రంగుల పటాన్ని ముద్రించి గోడకి అంటించుకున్నాడు. ఆరా అప్పటికే ఇంకో అనుమానంలో పడింది. నడక వ్యాయామాలు జనం సగంలో ఎందుకు ఆపేస్తున్నారట. అది కూడా తేల్చేదాకా దానికి నిద్రపట్టదు, మా తమ్ముడికీ పట్టదు.

ఇంట్లో నేనేమీ బయటపడలేదు. నాకు తెలుసని తెలియనివ్వకుండా రోజూ అదే టైముకు బయల్దేరి, అదే టైముకు వచ్చేదాన్ని. ఇన్నేళ్ళ కాపురంలో నేను దాచిన పెద్ద రహస్యం అదే, ఒక్కో పూట కడుపు పగిలిపోతుందేమో అనిపించేది. తర్వాత ఒక సెలవు రోజు పొద్దున, నేను గిన్నెలు తోముతుంటే మరదలూ తమ్ముడూ వచ్చి ముందు గదిలో కూర్చున్నారు. లోపలి గది తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మా ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ముందు గదిలో జనం ఉన్నారని చూశాడు. అయినా నోరు తెరిచాడు.

"ఏ... మోయ్."

"ఆఁ, వస్తున్నా," అన్నాను. రోజూ అంటున్నట్టే అన్నాను. చేతులకు సబ్బు కారుతుండగానే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఎందుకు పిలిచారని అడగలేదు. ఆయనా చెప్పలేదు. నేను కళ్ళముందే ఉన్నా, ఇంకోసారి పిలిచాడు.